మన నేల కొట్టులో కొత్తవలస మామిడి

కిరండూల్ స్టేషన్ నుంచి ఇనుపగనుల టౌన్‌షిప్ గేటుకు పోయే దారిలో, సరిగ్గా నా కుట్టుమిషనుకు ఎదురుగా, స్వర్ణకుమారి కొట్టు ఉంది. కొట్టు పేరు ‘మన నేల’. బోర్డు మీద ఆ పేరు హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, చదివేవాళ్ళు రోజురోజుకూ తగ్గిపోతున్నా తెలుగులో ఒకసారి రాయించింది. కింద చిన్న అక్షరాల్లో ఒక ప్రతిజ్ఞ కూడా ఉంది. యాభై కిలోమీటర్ల అవతల పుట్టిన సరుకు ఈ కొట్లో దొరకదట.

ఆ ప్రతిజ్ఞకు మొదటిరోజే ఉప్పు అడ్డం వచ్చింది. బస్తర్‌లో ఏ మూల తవ్వినా ఇనుము దొరుకుతుంది గానీ సముద్రం దొరకదు. కొట్టన్నాక ఉప్పు లేకపోతే ఎలా? అందుకని ఉప్పూ, టీ పొడీ గల్లాపెట్టె కింద ఉంటాయి. నేను వెళ్ళి ఉప్పు అడిగితే స్వర్ణకుమారి అటూ ఇటూ చూసి, వంగి తీసి, గుడ్డసంచిలో వేసి మూతి బిగించి చేతిలో పెడుతుంది. చూసేవాళ్ళకు నేను గంజాయి కొంటున్నానేమో అనిపిస్తుంది. ప్లాస్టిక్ వాడకూడదని ఆ గుడ్డసంచులు కుట్టే పని నాకే ఇచ్చింది. గుడ్డ సూరత్ నుంచి వస్తుందని నాకూ ఆమెకూ తెలుసు. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకోం.

ఆమె నన్ను వదినా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. ఒకే రైల్వే కాలనీలో పెరిగాం, ఒకే చర్చికి పోతాం. ఈ లైను వేసే రోజుల్లో ఆమె తండ్రి రామ్మూర్తి విజయనగరం వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. స్వర్ణకుమారి ఇక్కడి క్వార్టర్లోనే పుట్టింది, ఇక్కడి హిందీ బడిలోనే చదివింది, ఇంకో రైల్వే ఇంటి అబ్బాయి చినబాబును చేసుకుని ఇక్కడే సంసారం పెట్టింది. విజయనగరం ఆమెకు పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళి, ఉక్కపోతకు తిట్టుకుంటూ తిరిగొచ్చే ఊరు మాత్రమే. అయినా సంతలో ఆమె పేరు ‘ఆంధ్రావాలీ’. నిరుడో మొన్నో బీహారు నుంచి వచ్చి పానీపూరీ బండి పెట్టుకున్న కుర్రాడు కూడా ఆమెను ఆంధ్రావాలీ ఆంటీ అనే పిలుస్తాడు. అలా పిలిచిన ప్రతిసారీ ఆమె మొహం మాడిపోవడం నేను చూశాను. నవ్వేసి ఊరుకునే మనిషి కాదు ఆమె. లోపల పెట్టుకుంటుంది.

ఇదివరకు ఆ కొట్టు చినబాబుది. పేరు ‘ఆంధ్రా కిరాణా’. రైలు దిగిన బియ్యం, గుంటూరు మిరపకాయలు, పచ్చళ్ళు అమ్మేవాడు. టౌన్‌షిప్‌లో పెద్ద దుకాణం వచ్చాక ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజుల్లోనే ఒక ఆఫీసరుకు చక్కెర జబ్బు వచ్చింది. డాక్టరు చిరుధాన్యాలు తినమన్నాడు. ఆఫీసరు భార్య సామల కోసం ఊరంతా తిరిగింది. అడవి పక్క ఊళ్ళవాళ్ళు తరతరాలుగా తింటున్నదీ, టౌన్‌షిప్ వాళ్ళు ముక్కు మూసుకుని పక్కకు తప్పుకున్నదీ ఆ సామలే. అప్పుడు స్వర్ణకుమారి బుర్ర పనిచేసింది. ఆంధ్రా బోర్డు దింపి మన నేల బోర్డు ఎక్కించింది.

అప్పటినుంచి ఆమె మాటతీరే మారిపోయింది. సామలు, చోళ్ళు, సారపప్పు, ఇప్పపువ్వు లడ్డూలు, చింతపండు. ఒక్కోదాని గురించీ నిలబెట్టి పాఠం చెబుతుంది. మన పూర్వీకులు ఇదే తిన్నారండీ అంటుంది. ఏ పూర్వీకులో నేను అడగలేదు. రామ్మూర్తిగారు చోడి అంబలి చూస్తే పళ్ళెం తోసేసేవారు. ఇంట్లో చినబాబుకు ఈనాటికీ రైలెక్కి వచ్చిన సన్నబియ్యం, ఆవకాయ ఉండాల్సిందే. ఒకరోజు ఎవరో కొనుగోలుదారు సామలు ఎలా వండాలని అడిగితే, ఆమె లోపలికి వెళ్ళి ఫోనులో చూసొచ్చి మా అమ్మమ్మ ఇలా వండేదని చెప్పింది. నేను మిషను ఆపి మరీ విన్నాను.

ఈ సరుకంతా తెచ్చేది హిడ్మే. కొండ కింది ఊరు ఆమెది. పుట్టిల్లు తెలుగు సరిహద్దున కొంటా వైపు, భేజ్జిలో. అందుకని తెలుగు బాగానే మాట్లాడుతుంది. తన ఊరి ఆడవాళ్ళ దగ్గర సరుకు పోగుచేసి, సంతరోజున బుట్టలు దించి, స్వర్ణకుమారితో కాసేపు కూర్చుని టీ తాగి పోతుంది. ఒకసారి ఫోటో తీసుకుంటానంటే నవ్వింది. ఆ నవ్వే ఫోటోలో పడింది. ఇక చూడండి. చింతపండు పొట్లం మీద హిడ్మే, సామల సంచి మీద హిడ్మే, హిడ్మే జన్మలో చూడని పుట్టగొడుగుల పొడి మీద కూడా హిడ్మే. కొట్టు గోడ మీద తలుపంత బొమ్మ వేయించింది, కింద హిడ్మే ఊరి పేరు. స్వర్ణకుమారి మొహం మాత్రం ఎక్కడా లేదు. ఎందుకు పెట్టలేదంటే, “నా మొహం చూస్తే ఎవలు కొంటారు వదినా, ఆంధ్రా అనీసి పోతారు” అంది. అది ఒక్కటే ఆ కొట్లో కల్తీలేని మాట.

పోయిన ఏడాది ఎండాకాలం మొదట్లో టౌన్‌షిప్ ఆడవాళ్ళ సంఘం ఒక మేళా పెట్టింది. సంఘానికి పెద్ద మిశ్రా మేడమ్. మేళా బాగా జరిగితే టౌన్‌షిప్ లోపలి బజారులో మన నేలకు ఒక కొట్టుగది ఇప్పిస్తానని ఆశపెట్టింది. గేటు లోపల కొట్టంటే మాటలా? స్వర్ణకుమారి ఆ సంబరంలో ముందూ వెనకా చూడకుండా మాట ఇచ్చేసింది. ఈ ఏటి మొట్టమొదటి అడవి మామిడికాయ మేళాలో తన బల్ల మీదే ఉంటుందని.

హిడ్మే సంతకు వచ్చినప్పుడు ఆమెతో ఆ మాట చెప్పింది. హిడ్మే తల అడ్డంగా ఊపింది. వాళ్ళ ఊళ్ళో మామిడికి పండుమ్ జరగాలి. పండుమ్ అంటే కొత్త కాయ తినే పండగ. ఊరి పూజారిని పెర్మా అంటారు. ఆయన కొత్త కాయను ముందు దేవరకు పెట్టాలి, ఆ తరవాతే ఊరు నోట పెట్టుకోవాలి. అంతదాకా చెట్టు కింద రాలిన పిందె కూడా ఎవరూ కొరకరు, అమ్మరు. ఆ ఏడు ఊళ్ళో ఒక చావు జరిగి పండుమ్ వెనక్కి పోయింది. మేళా ముందు, పండుమ్ వెనక.

స్వర్ణకుమారి బతిమాలింది. ఒక్క బుట్ట చాలంది. దేవుడు మామిడికాయ అందరికీ ఇచ్చాడు, మధ్యలో మీ పెర్మా ఎవరంది. నాకు నవ్వాగలేదు. మా చర్చిలో కోతల పండక్కి మొదటి ఆనపకాయ బలిపీఠం ముందు పెట్టేదాకా ఇంట్లో పులుసు పెట్టనివ్వని మనిషి ఈమే. ఒక ఏడాది పక్కింటివాళ్ళు తొందరపడి ముందే కోసుకు తిన్నారని పాస్టరుగారిదాకా మోసింది. ఆ సంగతి గుర్తుచేస్తే, అదీ ఇదీ ఒకటేటి వదినా అంది. ఎలా ఒకటి కాదో చెప్పమంటే సంచులు ఎన్ని అయ్యాయని అడిగింది.

హిడ్మే ఖాళీ బుట్టతో పోయింది. స్వర్ణకుమారి ఫోను తీసి తమ్ముడు రాజ్‌కుమార్‌కు కొట్టింది. అతను కొత్తవలసలో రైల్వేలోనే పని. అంటుకాయలు వద్దు, పెద్దవి వద్దు, నాటు చెట్టువి, పుల్లటివి, చిన్నవి చూసి పంపమంది. కాయలు పాసింజరు బండిలో దిగాయి. సొరంగాలు దాటి, అరకు దాటి, మొత్తం కొండలైను ఎక్కి వచ్చిన కాయలు. నా ఎదురుగానే బుట్ట విప్పి, గడ్డి దులిపి, తడిగుడ్డతో తుడిచి, అడ్డాకు దొన్నెల్లో సర్దింది. రైలు బుట్ట వెనక గదిలో దాచింది. మేళాలో బల్ల మీద హిడ్మే బొమ్మ, పక్కన ఊరి పేరు, కింద ఈ ఏటి తొలికాయ అని రాసిన అట్ట. ఇలా చేయకని నేను చెప్పాను. “ఎవలకి నష్టం వదినా? తిన్నవాళ్ళకి మామిడికాయే కదా” అంది.

నష్టం ఎవరికో వారం తిరక్కుండానే తెలిసింది. హిడ్మే ఊరి అమ్మాయి లక్కే మేళాలో నేల ఊడ్చే పనికి వచ్చింది. ఆ పిల్లకు అక్షరాలు రావు. బొమ్మ చూడటానికి అక్షరాలెందుకు? హిడ్మే బొమ్మ, దాని ముందు మామిడికాయల గుట్ట. చూసిన సంగతి ఊళ్ళో చెప్పింది. దానిమీద ఇంకో రెండు రోజులకు వడగళ్ళవాన పడి, చెట్ల కింద ఆరబోసిన ఇప్పపువ్వంతా మట్టిలో కలిసిపోయింది. ఇంకేముంది, వడగళ్ళకు కారణం దొరికింది. పండుమ్ కాకముందు కాయ తెంపిన ఇల్లు హిడ్మేది.

హిడ్మే సంతరోజు కాని రోజున వచ్చింది. తలమీద బుట్ట లేదు. కొట్టు మెట్టెక్కకుండా దారిలోనే నిలబడింది. నేను మిషను దగ్గరినుంచి లేచి వెళ్ళాను. ఆమె ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వడం లేదట. బోరింగు దగ్గరికి ఆమె వస్తే మిగతా ఆడవాళ్ళు బిందెలు ఎత్తుకుని పక్కకు పోతున్నారు. పండుమ్ దగ్గరపడింది. అప్పటికి ఇది తేలకపోతే ఆమె ఇంటిని పండగలో కలవనివ్వరు. కలవనివ్వకపోతే ఆ ఏడంతా ఆ ఇల్లు ఊరికి వెలే. ఆమె అరవలేదు, ఏడవలేదు. ఊరికొచ్చి ఆ కాయలు ఎక్కడివో అందరి ముందూ చెప్పమని అడిగింది.

ఇంకో పది రోజుల్లో కొట్టుగది సంగతి సంఘం తేల్చబోతోంది. ఊళ్ళో చెబితే లక్కే నోటినుంచి టౌన్‌షిప్‌కు చేరడానికి ఒక పూట చాలు. తప్పు ఎంతైతే అంతా తనే కడతానంది స్వర్ణకుమారి. ఆ ఊళ్ళల్లో తప్పు కట్టడమంటే కోడినో మేకనో ఇచ్చి, ఊరికి సారా పోయించి, దోషం తీయించుకోవడం. కోడి కాదు, మేకనే కొనిస్తానంది.

“కడితే తెంపినట్టేగా అక్కా,” అంది హిడ్మే. “నేను తెంపలే. ఎందుకు కట్టాలె?”

పది రోజులాగమని స్వర్ణకుమారి అడిగింది. హిడ్మే గోడమీది తన బొమ్మను కాసేపు చూసింది. నవ్వుతున్న ఆ బొమ్మను చూసి ఆమె నవ్వలేదు. వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటిదాకా ఆ కొట్టు నాకు కాలక్షేపం. ఉప్పు దాచుకుంటే నవ్వుకున్నాను, అమ్మమ్మ వంట విని నవ్వుకున్నాను. ఆ రోజు నవ్వు రాలేదు. కుట్టిన సంచుల మూట తెచ్చి ఆమె గల్లా మీద పడేసి, ఆ ఆడమనిషి మొహం అమ్ముకుని తిన్నదానివి, ఇప్పుడు ఆ మొహం ఎత్తుకుని ఊళ్ళో తిరగలేకపోతోంది, నీకు గది ముఖ్యమా అని అడిగేశాను. దారిన పోయేవాళ్ళు నిలబడి విన్నారు. లోపల చినబాబు కూడా పళ్ళెం ముందునుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. ఆయన ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతాడు. ఆ రోజు ఒకటి ఖర్చుపెట్టాడు.

“బుట్ట నేను పడీలేదు. వెనక గదిలో ఉంది.”

మర్నాడు జీపు మాట్లాడుకున్నాం. స్వర్ణకుమారి చంకలో నల్లకోడి, ఒళ్ళో రైలు బుట్ట. బుట్టకు పార్సిలు చీటీ ఇంకా వేలాడుతోంది, అడుగున కొత్తవలస గడ్డి ఇంకా ఉంది. దారి పొడుగునా ఆమె పెదాలు కదుపుతూనే ఉంది. ప్రార్థన అనుకున్నాను. కాదు, ఊళ్ళో చెప్పాల్సింది వల్లె వేసుకుంటోంది.

పెర్మా ఎముకలగూడు లాంటి ముసలాయన. ఇంటి ముందు దుంగ మీద కూర్చున్నాడు. చుట్టూ పెద్దలు, దూరంగా ఆడవాళ్ళు. హిడ్మే ఒక్కతే ఒక పక్కన నిలబడి ఉంది. స్వర్ణకుమారి హిందీలో మొదలుపెట్టి, తడబడి, తెలుగులోకి దిగింది. హిడ్మేనే ఆ మాటల్ని తమ గోండీ భాషలో చెప్పాల్సి వచ్చింది. తన నిర్దోషిత్వాన్ని తనే అనువదించుకోవాల్సి వచ్చింది, అదీ ఒక్క ముక్క పెంచకుండా, తగ్గించకుండా.

ఆ కాయలు ఈ ఊరివి కావని, తన తమ్ముడు రైలుకు పంపాడని, హిడ్మే ముందే కాదందని స్వర్ణకుమారి చెప్పింది. బుట్ట ముందు పెట్టింది. పెద్దలు గడ్డి తీసి చేత్తో నలిపి చూశారు, వాసన చూశారు. తమ వైపు గడ్డి కాదని ఒకరితో ఒకరు అనుకున్నారు. పెర్మా చీటీవైపు కన్నెత్తలేదు. ఆమెది ఏ ఊరని హిడ్మేతో అడిగించాడు.

స్వర్ణకుమారి కిరండూల్ అంది. అంటూ కాస్త నిటారుగా నిలబడింది కూడా. పెర్మా ఏదో అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. హిడ్మే నవ్వకుండా చెప్పింది.

“అది రైలు ఆగే జాగ అంటుండు. రైలు రాకముందు మీరెక్కడున్నరని అడుగుతుండు.”

ఆ క్షణంలో నాకు ఆమెమీద కోపం పోయింది. ఇన్నేళ్ళుగా బోర్డులు మార్చి, మాట మార్చి, ఇంకొకరి మొహం తగిలించుకుని ఆమె తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న ఇదే. కిరండూలే అని మొండికేస్తే కాయలు కూడా ఇక్కడివేనేమోనన్న అనుమానం మిగులుతుంది. హిడ్మే తలెత్తి ఆమె నోటివైపే చూస్తోంది.

“విజయనగరం,” అంది స్వర్ణకుమారి. “మాది విజయనగరం.”

అంతే, తేలిపోయింది. పెద్దలు లేచి దులుపుకున్నారు. ఒక ఆడమనిషి వెళ్ళి హిడ్మే చెయ్యి పట్టుకుంది. వడగళ్ళకు ఇప్పుడు ఇంకో కారణం వెతకాలని ఒక ముసలాయన విసుక్కున్నాడట. స్వర్ణకుమారి కోడిని రెండు చేతులా ముందుకు చాపింది. తప్పు తనదని, కట్టించుకోమని అడిగింది. పెర్మా చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆయన గొంతులో కోపం లేదు, మర్యాద ఉంది.

“తప్పు మావోళ్ళకే అక్కా,” అంది హిడ్మే. “నీకు పండుమ్ లేదు, తప్పు కూడా లేదు. కోడిని తీస్కపో.”

ఎన్ని తిట్లు పడినా ఆమె అంతగా కుంగేది కాదనుకుంటాను. కోడి చేతుల్లోనే ఉండిపోయింది. హిడ్మే జీపుదాకా వచ్చి సాగనంపింది. చింతపండు మీద తన బొమ్మ ఉంచుకోమంది, మామిడి దగ్గర మాత్రం ఇంకెప్పుడూ పెట్టొద్దంది. తిరుగుదారిలో స్వర్ణకుమారి కిటికీవైపు తిరిగి ఏడ్చింది. నేను కోడిని పట్టుకున్నాను.

ఇక టౌన్‌షిప్ సంగతి. లక్కే ద్వారా తెలిసేలోపు తనే చెప్పేద్దామని ఆమె మిశ్రా మేడమ్ ఇంటికి వెళ్ళింది. ఒక్కతే పోలేనంటే నేనూ తోడు వెళ్ళాను. మేడమ్ మొత్తం విని పకపకా నవ్వింది. అందుకే అంత బాగున్నాయా అంది. అడవికాయ అయితే పళ్ళు పులిసేవి కదా అంది. వచ్చే నెల తమ్ముడిచేత బంగినపల్లి ఒక బుట్ట తెప్పించగలవా అని అడిగి, కొట్టుగది తాళం కూడా ఇప్పించింది. స్వర్ణకుమారి రాయించిన ఆ అట్టను నిజమని నమ్మి బాధపడింది, అట్ట చదవడం రాని ఆ ఊరొక్కటే. యాభై కిలోమీటర్ల ప్రతిజ్ఞ ఇప్పుడు గేటు లోపల కూడా వేలాడుతోంది. ఉప్పు అక్కడా గల్లా కిందే ఉంది.

హిడ్మే ఇప్పటికీ సంతరోజున వస్తుంది. పండుమ్ అయ్యాక మామిడికాయలు తెస్తుంది, వాటికి బొమ్మ ఉండదు. టీ తాగుతుంది. ఇద్దరూ ఇదివరకంత కాకపోయినా మాట్లాడుకుంటారు. నల్లకోడి కొట్టు వెనక గుడ్లు పెడుతోంది, వాటిని స్థానికం అనే అమ్ముతోంది.

ఈ ఏడు కూడా రాజ్‌కుమార్ ముందుగానే బుట్ట పంపాడు, ఇంట్లో తినడానికని. మొన్న పప్పులోకి ఒక కాయ అడుగుదామని వెళ్ళాను. బుట్ట విప్పకుండా మూలన ఉంది. లోపల కాయలు మగ్గిపోయి వాసన వేస్తున్నాయి. చినబాబు దాని పక్కనే కూర్చుని ఉత్తపప్పు తింటున్నాడు. ఇదేంటి కుళ్ళబెడుతున్నావని అడిగితే స్వర్ణకుమారి ముందు నన్ను కాదు, దారివైపు చూసింది.

“ఇంకా పండుమ్ కాలేదు కదా వదినా,” అంది.

ఆ పండక్కి ఆమెను ఎవరూ పిలవలేదు. నేను పప్పులోకి చింతపండు కొనుక్కుని వచ్చేశాను.